చైనా చిన్న నగరంలో అధ్యాపక కొలువు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చైనాలో ఒక చిన్న నగరపు విశ్వవిద్యాలయం కంప్యూటర్ సైన్స్ పాఠాలు ఇంగ్లీషులో చెప్పడానికి పిలిచింది. డిగ్రీలకు అపోస్టిల్ (ఒప్పందంలో ఉన్న దేశాలన్నీ ఒప్పుకునే ఒకే ధ్రువీకరణ ముద్ర) చేయిస్తే చాలంటున్నాడు ఏజెంటు. నిజమేనా?

జవాబు: చాలదు. ఎక్కువమంది డబ్బు, నెల రోజుల సమయం పోగొట్టుకునేది ఇక్కడే. అపోస్టిల్ ఒప్పందం చైనాలో 2023 నవంబరు 7 నుంచి అమల్లో ఉంది. భారత్ అంతకు ఎంతో ముందునుంచే సభ్యదేశం. అయితే చైనా చేరికకు భారత్ అభ్యంతరం చెప్పడంతో ఈ రెండు దేశాల మధ్య మాత్రం అది అమల్లోకి రాలేదు. కాబట్టి మీకు పాత దారే గతి: ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత మన విదేశాంగ శాఖ ముద్ర, ఆఖరున చైనా దౌత్య కార్యాలయంలో లీగలైజేషన్. విదేశాంగ శాఖ దగ్గర అపోస్టిల్ కాదు, ‘నార్మల్ అటెస్టేషన్’ అని అడగండి.

డిగ్రీ పని ముందు మొదలుపెట్టండి, పోలీస్ క్లియరెన్స్ చివర్లో తీసుకోండి. ఆరు నెలలు దాటిన పోలీస్ సర్టిఫికెట్ చెల్లదు. రెండూ ఒకేసారి తీసుకున్నవాళ్లకు డిగ్రీ తిరిగొచ్చేసరికి రెండోది పాతబడిపోతుంది.

ఈ కాగితాలతో విశ్వవిద్యాలయం అక్కడ దరఖాస్తు చేస్తే వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ వస్తుంది. దాని మీద మీకు జడ్ వీసా (ఉద్యోగ వీసా) ఇస్తారు. ‘ముందు బిజినెస్ వీసా మీద వచ్చేయండి, ఇక్కడ మార్చేద్దాం’ అని ఎవరైనా అంటే ఆ మాట వినకండి. అనుమతి లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా ఉంది. తీవ్రతను బట్టి 5 నుంచి 15 రోజుల నిర్బంధం కూడా. ఒక చోట పర్మిట్ ఉండి, సాయంత్రాలు వేరే శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పినా ఇదే లెక్క.

ప్రశ్న: నాది ఇంగ్లీషు ఎం.ఏ. నాకూ అవకాశం ఉందా?

జవాబు: ఇంగ్లీషు భాష బోధించడానికైతే కష్టం. ఏ భాష నేర్పుతారో అది మాతృభాషగా ఉన్న దేశపు పౌరులై ఉండాలన్నది అక్కడి సాధారణ నియమం. భారత పాస్‌పోర్టుతో దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంజినీరింగ్, వైద్యం, మేనేజ్‌మెంట్ లాంటి విషయాలు ఇంగ్లీషులో బోధించే పోస్టులు వేరు. వాటికి డిగ్రీ, రెండేళ్ల అనుభవం ప్రధానం. వయసు 60 దాటితే మామూలు పోస్టుకు పర్మిట్ రావడం అరుదు.

ప్రశ్న: దిగిన మొదటి నెలలో ఏమేం చేయాలి? చిన్న ఊరు కాబట్టి ఇంగ్లీషు తెలిసినవాళ్లు దొరకరని భయంగా ఉంది.

జవాబు: చిన్న ఊరంటే మన లెక్కలో చిన్నది కాదు, చుట్టుపక్కల మండలాలతో కలిపి నలభై, యాభై లక్షల జనం ఉండొచ్చు. కానీ ఆఫీసుల్లో ఇంగ్లీషు ఉండదన్న మాట నిజమే. విశ్వవిద్యాలయంలో విదేశీ వ్యవహారాల కార్యాలయం ఉంటుంది, అందరూ ‘వైబాన్’ అంటారు. అక్కడి ఒక ఉద్యోగి మీతోపాటు అన్ని చోట్లకీ వస్తారు. షాంఘైలో సొంతంగా చక్కబెట్టుకునే పనులు కూడా ఇక్కడ ఆ మనిషి లేకుండా జరగవు. అయినా గడువులు మీరే గుర్తుంచుకోండి. తప్పితే జరిమానా మీ పేరు మీదే పడుతుంది.

హోటల్లో దిగితే పోలీసు నమోదు వాళ్లే చేస్తారు. క్యాంపస్ ఫ్లాట్‌లోకి నేరుగా వెళ్తే 24 గంటల్లో పోలీస్ స్టేషన్‌లో నమోదు కావాలి. లేకపోతే 2,000 యువాన్ల వరకు జరిమానా. ఇల్లు మారినా మళ్లీ చేయించాలి. జడ్ వీసా మీద ఉండే గడువు చోట ‘000’ అని కనిపిస్తుంది. కంగారు పడకండి, దిగిన నాటి నుంచి 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలని దాని అర్థం. ఈలోపు వైద్య పరీక్ష ఉంటుంది: రక్తం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, అల్ట్రాసౌండ్. పరగడుపున వెళ్లండి, టిఫిన్ చేసి వెళ్తే ఆ రోజు వృథా. చిన్న నగరంలో ఈ పరీక్షా కేంద్రం లేకపోతే ప్రాంతీయ రాజధానికి పోవాలి. ఆ ప్రయాణానికి ఒక రోజు పక్కన పెట్టుకోండి.

దరఖాస్తు ఇచ్చాక పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంటుంది, పదిహేను పనిదినాల దాకా పట్టొచ్చు. చేతిలో రశీదు ఒక్కటే మిగులుతుంది. ఆ రోజుల్లో దేశం దాటే ప్రయాణం పెట్టుకోకండి. బ్యాంకు ఖాతా, ఫోన్ సిమ్ పాస్‌పోర్టు ఇవ్వకముందే తీసేసుకోండి.

మన సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఇంట్లో ఉండగానే వేయించుకోండి. అక్కడికెళ్లాక మన బ్యాంకు ఓటీపీ రాకపోతే డబ్బు కదలదు. అక్కడి నెట్‌లో జీమెయిల్, వాట్సాప్, యూట్యూబ్ తెరుచుకోవు.

ప్రశ్న: బ్యాంకు కార్డు ఉంది, ఫోన్ ఉంది. వీచాట్‌కు (ఫోన్‌తో డబ్బు చెల్లించే చైనా యాప్) కార్డు జోడిస్తే ‘సమాచారం సరిపోలలేదు’ అంటోంది. బ్యాంకేమో తప్పు తమది కాదంటోంది.

జవాబు: తప్పు దాదాపు ఎప్పుడూ పేరులోనే. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు మరో గడిలో ఉంటాయి. బ్యాంకు గుమాస్తా ఇంటిపేరు ముందు పెట్టి, మధ్యలో ఒక ఖాళీ వదిలి టైపు చేసి ఉండొచ్చు. ఫోన్ దుకాణంలో ఖాళీ లేకుండా కలిపి కొట్టి ఉండొచ్చు. పేరులోనే రెండు మూడు ముక్కలున్నవాళ్లకు పొడవు సరిపోక చివరి అక్షరాలు తెగిపోతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల కష్టం ఇంకా ఎక్కువ. కార్డు జోడించేటప్పుడు యాప్ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు మూడూ బ్యాంకు రికార్డుతో పోల్చుతుంది. ఒక్క ఖాళీ తేడా ఉన్నా ఒప్పుకోదు.

బ్యాంకుకు వెళ్లి మీ పేరు తెరమీద ఎలా ఉందో ఫొటో తీసుకోండి, లేదా ఒక కాగితం మీద ప్రింటు తీయించండి. ఖాళీలతో సహా అచ్చంగా అలాగే వీచాట్‌లో, అలాంటిదే అయిన అలీపేలో కొట్టండి. అప్పటికీ కుదరకపోతే ఫోన్ కంపెనీలో పేరు మార్పించండి, అది బ్యాంకులో మార్పించడం కంటే తేలిక. కొత్తగా వెళ్లేవాళ్లు మొదటి రోజే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున ఉండే రెండు వరుసల్లో పేరున్న వరుసను చూపించి, అందరూ ఆ క్రమంలోనే రాసేలా చూసుకోవాలి. పాస్‌పోర్టు రెన్యువల్ అయితే నంబరు మారుతుంది. అప్పుడు ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది.

ప్రశ్న: నా జీతం నెలకు 12,000 యువాన్లు. సెప్టెంబరులో చేరాను. పన్ను జనవరిలో సగానికి పైగా తగ్గింది, జూన్‌లో మూడింతలైంది. లెక్క తప్పారా?

జవాబు: లెక్క సరిగానే ఉంది. సెప్టెంబరులో వచ్చారు కాబట్టి ఆ ఏడాది 183 రోజులు పూర్తికాలేదు, అందుకని మిమ్మల్ని నాన్‌రెసిడెంట్‌గా చూశారు. 12,000లో 5,000 మినహాయింపు పోతే 7,000. నెలవారీ పట్టిక ప్రకారం అందులో 10 శాతం 700, దాంట్లోంచి అదే పట్టికలోని తగ్గింపు 210 తీసేస్తే 490 యువాన్లు. జనవరి నుంచి మీరు రెసిడెంట్, లెక్క ఏడాది పొడవునా కూడుతూ పోతుంది. నెలనెలా మిగిలే ఆ 7,000 కూడి మొత్తం 36,000 దాటే దాకా 3 శాతమే, అంటే నెలకు 210. ఆరో నెలకు మొత్తం 42,000 అయింది కాబట్టి గీత దాటారు. ఆ నెల 630, తర్వాత నెలకు 700. సామాజిక బీమా కోత పక్కన పెట్టి వేసిన లెక్క ఇది, మీ స్లిప్పులో అంకెలు కొంచెం తక్కువే ఉంటాయి. ఏటా మార్చి 1 నుంచి జూన్ 30 మధ్య ట్యాక్స్ యాప్‌లో సర్దుబాటు చేసుకోవాలి.

పన్ను చెల్లించిన పత్రం నెలనెలా దాచుకోండి. ఇంటికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు అడిగేది అదే. అది లేకుంటే రోజుకు 500 డాలర్ల విలువకు మించి పంపనివ్వరు.

ప్రశ్న: క్లాసులో ప్రశ్న అడిగితే యాభై మందీ తలలు దించుకుంటారు. ఏం చేయాలి?

జవాబు: ‘ఎవరైనా చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు. తోటివాళ్ల ముందు తప్పు పలికితే పరువు పోతుందన్న బెరుకే తప్ప పాఠం మీద అశ్రద్ధ కాదు. ముందు పక్కవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, తర్వాత పేరు పెట్టి అడగండి. ఒక్కో పీరియడ్ 45 నిమిషాలు, సాధారణంగా రెండు కలిపి ఉంటాయి.

క్లాసు లీడర్ను ‘బంజాంగ్’ అంటారు. గది మారినా, సెలవు మారినా మీకు ముందు చెప్పేది ఆ విద్యార్థే. పండగ సెలవులకు బదులు శని, ఆదివారాల్లో క్లాసులు పెట్టే ‘తియావ్‌షియు’ ఉంటుంది. ఆ రోజు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఏ రోజు టైంటేబుల్ నడుస్తుందో బంజాంగ్‌ను అడగండి. మొదటి ఏడాది పిల్లలకు సెప్టెంబరులో రెండు మూడు వారాలు సైనిక శిక్షణ ఉంటుంది, వాళ్ల పాఠాలు ఆలస్యంగా మొదలవుతాయి. సిలబస్ అలాగే వేసుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా కునుకు వేళ, ఆఫీసులకు ఫోన్ చేయకపోవడం మర్యాద.

పరీక్షకు ఒకే స్థాయిలో రెండు ప్రశ్నపత్రాలు, ఏ, బీ అని, మార్కుల పట్టికతో సహా ముందే అడుగుతారు. ఒకటి అసలు పరీక్షకు, రెండోది తప్పినవాళ్ల పరీక్షకు. 60 వస్తే పాసు. హాజరు, హోంవర్క్ మార్కులకు వారం వారం రాతపూర్వక లెక్క ఉంచుకోండి, జవాబుపత్రాలతోపాటు అదీ ఫైల్లోకి వెళ్తుంది. 58 వచ్చిన విద్యార్థి వచ్చి అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఉండేది ఆ లెక్కే.

ప్రశ్న: చలికాలం భరించగలమా?

జవాబు: ఉత్తరంలో సుఖం, దక్షిణంలో కష్టం. చిన్‌లింగ్ పర్వతాలు, హువాయ్ నది గీతకు ఉత్తరాన నగరమంతటికీ కేంద్రీయ తాపనం (ఒకేచోటి నుంచి ఇళ్లన్నిటికీ వేడి పంపే ఏర్పాటు) ఉంది. చాలా చోట్ల నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా, ఈశాన్య కొసనున్న హార్బిన్‌లో అక్టోబరు 20 నుంచే. బయట మైనస్ 15 ఉన్నా గదిలో చొక్కాతో కూర్చోవచ్చు. గీతకు దక్షిణాన ఆ సదుపాయం లేదు. జనవరిలో బయట 4 డిగ్రీలుంటే క్లాసులోనూ దాదాపు అంతే, పైగా తేమ. కోటు వేసుకునే పాఠం చెప్తారు. ఎలక్ట్రిక్ దుప్పటి కొనుక్కోండి. హీటరైతే ఫ్లాట్ ఎంత లోడు తట్టుకుంటుందో వైబాన్‌ను అడిగి కొనండి.

ప్రశ్న: వేరే విశ్వవిద్యాలయంలో మంచి ఆఫర్ వచ్చింది. కాంట్రాక్టు మధ్యలో వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు, కానీ పాతవాళ్లు రెండు కాగితాలు ఇస్తేనే: ఉద్యోగం వదిలినట్లు ధ్రువపత్రం, వర్క్ పర్మిట్ రద్దు పత్రం. ఇవి లేనిదే కొత్తవాళ్లు దరఖాస్తు వేయలేరు. కాంట్రాక్టులో నోటీసు గడువు, ‘ఒప్పందభంగ పరిహారం’ ఉన్న పేరాలు చైనీస్ ప్రతిలో చదివించుకోండి. రెండు భాషల ప్రతుల్లో తేడా వస్తే సాధారణంగా చైనీస్ ప్రతే చెల్లుతుంది. సెమిస్టర్ మధ్యలో కాక మార్కులు అప్పగించాక అడిగితే సంతకం సులభంగా వస్తుంది. చైనా వదిలి శాశ్వతంగా వెళ్లేట్లయితే మీ జీతంలోంచి కోసిన 8 శాతం పెన్షన్ వాటా వెనక్కి తీసుకోవచ్చు. ఆ డబ్బు పడాలి కాబట్టి బ్యాంకు ఖాతా మూయడం అన్నిటికంటే చివర పెట్టుకోండి.