13 వేలతో డబ్లింగ్ ఆడితే గోవాలో లాభం వస్తుందా?

గాజువాక నుంచి నలుగురు గోవా వెళ్తున్నారు, ఒక్కొక్కరి దగ్గర 13 వేలు, రూలెట్‌లో (తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట) ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తే చివరికి లాభంతోనే లేస్తామా అన్నది మీ ప్రశ్న. లేవరు. యూట్యూబ్‌లో చెప్పే ‘టేబుల్ లిమిట్ (ఒక పందేనికి పెట్టగలిగే గరిష్ఠం) అడ్డొస్తుంది’ అన్న కారణం సగమే నిజం. మీ విషయంలో లిమిట్ కంటే ముందు జేబు అడ్డొస్తుంది.

లెక్క చూడండి. 100తో మొదలు. ఓడితే 200, తర్వాత 400, 800, 1,600, 3,200, 6,400. ఏడు మెట్లు, మొత్తం 12,700. ఎనిమిదో మెట్టుకు 12,800 కావాలి, మీ దగ్గర మిగిలేది 300. ఒక్క సున్నా ఉన్న చక్రంలో 37 గళ్లు, అందులో ఎరుపు 18, నలుపు 18. ఏ రంగు మీద పెట్టినా పోవడానికి 19 గళ్లున్నాయి. అలా ఏడుసార్లు వరుసగా పోయే అవకాశం సుమారు 106లో ఒకటి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ప్రతి విడతకూ (100తో మొదలై ఒకసారి గెలిచేదాకా, లేదా ఏడూ పోయేదాకా) మీరు గెలిచేది వంద మాత్రమే, పోతే 12,700. సగటున విడతకు 20 రూపాయల పైచిలుకు మీ జేబులోంచే పోతుంది. 73 విడతలు ఆడేసరికి, అంటే దాదాపు 150 రౌండ్లకు, మొత్తం ఊడ్చుకుపోయే అవకాశం సగానికి సగం.

ఆరో మెట్టు దగ్గర ఏం జరుగుతుందో ఊహించండి. అప్పటికే 3,100 పోయింది. 3,200 చిప్స్ ఎరుపు మీద ఉన్నాయి. బంతి తిరుగుతోంది. వెనకాల నిల్చున్న స్నేహితుడు ‘ఐదుసార్లు నలుపే వచ్చింది, ఇప్పుడు ఎరుపు రాక తప్పదురా’ అంటాడు. ఎరుపు పడితే చప్పట్లు, కౌగిలింతలు. ఇంతా చేసి మీకు మిగిలింది వంద. ఆర్‌కే బీచ్‌లో ముంత మసాలాకు సరిపోతుంది. నలుపో సున్నానో పడితే జేబులో 6,700 ఉంటుంది, అందులో 6,400 తీసి పెట్టాలి. నిజానికి చాలామంది అక్కడ చెయ్యి ఆడక లేచిపోతారు, అంటే 6,300 పోగొట్టుకుని లేచినట్టే. పద్ధతిని చివరిదాకా పాటించే గుండె ఉన్నవాళ్లకు ఆ ఏడోది పోయినప్పుడు ఇంకా గట్టి దెబ్బ.

స్నేహితుడి మాట సంగతికొస్తే, 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో నలుపు వరుసగా 26 సార్లు పడింది. ‘ఇక ఎరుపే’ అని పెట్టినవాళ్లందరూ మునిగారు. చక్రానికి జ్ఞాపకం లేదు. పాత నంబర్లు చూపించే ఆ మెరిసే బోర్డును క్యాసినో సొంత ఖర్చుతో పెడుతోందంటే అది మీ మేలు కోసం కాదని అర్థం చేసుకోవాలి.

ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. డబ్లింగ్ లెక్క నిలబడేది పందేనికి పందెం సమానంగా ఇచ్చేచోటే. అందర్ బాహర్, అదే మన లోన-బయట పేకాట, చాలా టేబుళ్లలో ముందు ముక్క పడే వైపుకు 100కి 90 మాత్రమే ఇస్తుంది. ఆ వైపు గెలిచే అవకాశం 51.5 శాతం కాబట్టి జనం అక్కడే డబ్లింగ్‌కు దిగుతారు. ఐదో మెట్టు చూడండి: 1,500 పోయి, 1,600 పెట్టి, గెలిచారు. వచ్చేది 1,440. గెలిచి కూడా 60 నష్టం! రెట్టింపు చాలదు, ప్రతిసారీ 2.11 రెట్లు పెంచాలి: 100, 211, 446, 941, 1,987, 4,194. ఆరు మెట్లకే 7,879 అయిపోతుంది, ఏడోదానికి 8,800 దాటాలి. మీ 13 వేలకు ఒక మెట్టు తగ్గిపోయింది. బకరాలో (ప్లేయర్, బ్యాంకర్ అనే వైపుల్లో ఒకదాని మీద కాసే పేకాట) బ్యాంకర్ వైపు గెలిస్తే 5 శాతం కమీషన్ కోస్తారు కదా, అక్కడ ఇదే గోల ఆరో మెట్టులో వస్తుంది: 3,100 పోయాక 3,200 గెలిస్తే చేతికొచ్చేది 3,040.

బ్లాక్‌జాక్‌లో ఇంకో తలనొప్పి. ముక్కల మొత్తం 21కి దగ్గరగా తేవాల్సిన ఆట ఇది. 1,600 పెట్టాక 11 వస్తే డబుల్ చెయ్యడానికి, అంటే పందెం రెట్టింపు చేసి ఇంకో ముక్క తీసుకోవడానికి, ఇంకో 1,600 కావాలి. డబ్లింగ్ ఆడేవాడు ఆ డబ్బు తర్వాతి మెట్టుకని దాచుకుంటాడు, మంచి చెయ్యి వదిలేస్తాడు.

ఓడితే ఒక్క యూనిట్ (మొదటి పందెమంత) పెంచి గెలిస్తే ఒకటి తగ్గించే డాలెంబర్ పద్ధతి కాస్త మెల్లగా ముంచుతుంది. తేడా అంతే. గెలిచినప్పుడు పెంచే పరోలీ (1, 2, 4) నాకు వీటన్నిటికంటే నయం, ఎందుకంటే ఒక విడతలో మీ జేబులోంచి పోయేది ఒక్క యూనిటే. మూడూ గెలిస్తే 7 యూనిట్లు, కానీ అది వందలో పదకొండున్నర సార్లే.

టెలిగ్రామ్‌లో ‘ష్యూర్ షాట్ 7 స్టెప్’ అని కలర్ ప్రెడిక్షన్ (తర్వాత ఏ రంగు వస్తుందో ఊహించే ఆన్‌లైన్ పందెం) చిట్కాలు అమ్మేవాళ్ల జోలికి అస్సలు పోకండి. వాళ్లకొచ్చేది మీ డిపాజిట్ మీద కమీషన్. పైగా మన ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ పందేలు 2020 నుంచే నిషేధం, 2025లో కేంద్రం చట్టం కూడా వచ్చింది.

వెళ్లేది ఖాయమైతే కూర్చునే ముందు టేబుల్ మీది కనీస పందెం చదవండి. అది 500 అయితే మీ 13 వేలకు నాలుగే మెట్లు (7,500), నాలుగూ పోయే అవకాశం 14లో ఒకటి. సున్నాలు ఒకటా రెండా చూడండి. రెండుంటే క్యాసినో వాటా 2.7 నుంచి 5.26 శాతానికి పోతుంది, ఆ టేబుల్ వదిలేయండి. 100 టేబుల్ దొరికితే ప్రతిసారీ 100 మాత్రమే పెట్టండి. 200 రౌండ్లకు సగటు నష్టం 540, రోజు బాగా కలిసిరాకపోయినా మూడున్నర వేలు దాటడం అరుదు. అవే 200 రౌండ్లు డబ్లింగ్‌తో ఆడితే మీ 12,700 ఊడ్చుకుపోయే అవకాశం వందలో అరవై.

చిప్స్ కొనేటప్పుడే జీఎస్టీ ఎంత, చేతికి ఎన్ని చిప్స్ వస్తాయి అని కౌంటర్‌లో అడగండి. గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే, దాంట్లోంచి ఓడిన డబ్బు మినహాయించుకోవడానికి లేదు.