రైలు కుదుపులకు పిండం జారిపోదు

ప్రశ్న: మాది రాయగడ. నాకు 33, మావారికి 38. పోయిన నెల విశాఖలో ఐవీఎఫ్ చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. పిండాన్ని పెట్టిన మూడో రోజునే రైలెక్కానని, ఆ కుదుపులకే పోయిందని మా అత్తగారు అంటున్నారు. ఇంకా రెండు పిండాలు ఫ్రీజింగ్‌లో ఉన్నాయి. వెంటనే వెళ్లాలా? ఈసారి మంచం దిగకుండా ఉండాలా?
– ఒక సోదరి

జవాబు: ముందు ఆ రైలు సంగతి మనసులోంచి తీసేయండమ్మా. గర్భాశయం గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వాటి మధ్య పెట్టిన పిండం పార్వతీపురం దగ్గర బండి ఊగితేనో, మీరు మెట్లెక్కితేనో జారిపోదు. మంచం మీదే ఉంటే ఫలితం మెరుగవుతుందని పరిశోధనల్లో తేలలేదు. చాలాసార్లు తేడా పిండంలోని క్రోమోజోముల్లోనే ఉంటుంది, అది మీ చేతిలో లేనిది. ఈ నాలుగు ముక్కలూ మీ అత్తగారికీ చదివి వినిపించండి, ఆవిడదీ బాధే కదా.

డాక్టర్లు మామూలుగా ఒకటి రెండు నెలసరులు ఆగమంటారు. మనసు కుదుటపడలేదంటే ఇంకో నెల ఆగండి, ఫ్రీజింగ్‌లో ఉన్న పిండాలకు వయసు పెరగదు, మళ్లీ గుడ్ల కోసం ఆ ఇంజెక్షన్లూ ఉండవు.

వెళ్లేముందు పాత ఫైలు మొత్తం తీసుకోండి. ఎన్ని గుడ్లు తీశారు, ఎన్ని ఫలదీకరణ చెందాయి, పెట్టింది ఫలదీకరణయ్యాక మూడో రోజు పిండమా అయిదో రోజుదా, గ్రేడ్ ఎంత, ఆరోజు గర్భాశయం లోపలి పొర ఎన్ని మిల్లీమీటర్లుంది, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని డాక్టరు ముందు పెట్టి, "ఈసారి ఏం మారుస్తారు, ఎందుకు మారుస్తారు?" అని అడగండి. సరైన జవాబు రాకపోతే ఇంకో డాక్టరుకు చూపించండి, అందులో తప్పేం లేదు. థైరాయిడ్, షుగర్, మీ వైపు ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్షలు కాకపోయి ఉంటే ఇప్పుడే చేయించండి. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, డాక్టరు ఎక్కువ రాస్తే అదే వేసుకోండి.

ఇంకో మాట. పొద్దున్నే గుడాఖుతో పళ్లు తోముకునే అలవాటు మీ వైపు ఆడవాళ్లలోనూ ఉంది, వేలితో చిగుళ్లకు రుద్దేది పొగాకే, అది రక్తంలోకి పోతుంది, ఉంటే ఈరోజే మానేయండి. మీవారికి గుట్కా ఉంటే అదీ అంతే. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, రేపు మళ్లీ మొదటినుంచి ఐవీఎఫ్ చేయించుకోవాల్సి వస్తే అప్పటికప్పుడు మానితే సరిపోదు.

పిండం పెట్టాక ఇచ్చే మందులు మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆపకండి. ఇంట్లో ప్రెగ్నెన్సీ టెస్ట్ స్ట్రిప్‌ మీద రెండో గీత రాలేదని ఏడ్చి, రక్తపరీక్షకు ముందే మాత్రలు మానేసినవాళ్లను చూశాను.