అడవీ, జెనెటిక్సూ కలిసే పరిశోధన హైదరాబాద్‌లో ఉందా?

ఉంది. అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ల లాకోన్స్ చూడండి. అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే ప్రయోగశాల అది, జన్యు శాస్త్రవేత్త లాల్జీ సింగ్ చొరవతో మొదలైంది. రోజూ అడవిలో తిరగొచ్చనుకుంటే మాత్రం నిరాశే. పులి కనిపించడం అరుదు, దొరికేది దాని మలం. అందులో పేగుల నుంచి రాలిన కణాలుంటాయి. వాటి డీఎన్‌ఏ తీస్తే అది ఆడో మగో, ఇంతకుముందు నమోదైన పులో కొత్తదో, పక్క అడవి పులులతో చుట్టరికం ఉందో లేదో తెలుస్తుంది. ఎండకీ వానకీ ఆ డీఎన్‌ఏ ముక్కలైపోతుంది కాబట్టి ఒకే నమూనాని మళ్లీ మళ్లీ పరీక్షించాలి. పీహెచ్‌డీలో ఏళ్లు కరిగేది ఇక్కడే! వేటగాళ్ల దగ్గర దొరికిన మాంసం ఏ జంతువుదో తేల్చడమూ ఈ పనిలో భాగమే. 2006లో కృత్రిమ గర్భధారణతో ఇక్కడి శాస్త్రవేత్తలు పుట్టించిన చుక్కల దుప్పి పిల్ల పేరు స్పాటీ. లాకోన్స్ సాయంతో నెహ్రూ జూలో పెంచిన మూషిక జింకలైతే అమ్రాబాద్ అడవికి చేరాయి.