జీఐ పైపులో ఆ ‘జీ’ ఎవరిది?

జీఐ అంటే గాల్వనైజ్డ్ ఐరన్, జింక్ పూత వేసిన ఇనుము. గాల్వనైజ్డ్ పైపు అంటే కరెంటు పెట్టి పూత వేసిందా, ఆ పేరెలా వచ్చింది అని అడిగారు. పైపుకు పూత వేయడంలో కరెంటు ఊసే లేదు. ఆ మాట ఇటలీలోని బోలోన్యాలో శరీరశాస్త్రం చెప్పిన లుయీజీ గాల్వానీ ఇంటిపేరు. నన్నడిగితే దాని మీద అతనితో వాదించిన మరో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా పేరుండాలి.

1786లో గాల్వానీ చచ్చిన కప్పల వెన్నులో ఇత్తడి కొక్కేలు గుచ్చి, డాబా ఇనప ఊచలకు వేలాడదీశాడు. పిడుగుల కరెంటు చూద్దామని. ఆకాశం నిర్మలంగా ఉంది, ఏమీ జరగలేదు. కొక్కేన్ని ఊచకు అదిమేసరికి కాళ్లు ఎగిరిపడ్డాయి! కరెంటు కప్పలోనే ఉందని తేల్చి 1791లో అచ్చేశాడు. కాదు, రెండు వేరు లోహాలు, మధ్యన తడి, అంతే అన్నాడు వోల్టా. 1800లో వెండి, జింక్ బిళ్లల మధ్య ఉప్పునీటి అట్టలు పేర్చి, కప్ప లేకుండానే కరెంటు తీశాడు. నరాల్లో కరెంటుందన్న గాల్వానీ మాటా పూర్తిగా తప్పు కాదు, కానీ ఊచ దగ్గర గెలిచింది వోల్టానే.

ఫ్రాన్సులో సోరెల్ 1837లో ఇనుముకు జింక్ పూత పేటెంటు పొందాడు. ఊచ దగ్గరలాగే ఇక్కడా రెండు లోహాలు, జింక్, ఇనుము జత కాబట్టి గాల్వానీ పేరే అంటుకుంది. పద్ధతి ఇది: జిడ్డు కడగాలి, యాసిడ్‌లో తుప్పు తీయాలి, ఫ్లక్స్‌లో (జింక్ ఇనుముకు అంటుకునేలా చేసే మందులో) ముంచాలి, 450 డిగ్రీల దగ్గర కరిగిన జింక్‌లో దించాలి. ఫ్లక్స్ సరిగ్గా పట్టని చోట పూత అంటదు, నల్ల మచ్చలు మిగులుతాయి. కరెంటుతో వేసే పూత ఇంకోటుంది, పల్చన. లోపల వాడే బోల్టులకు చాలు, వానలో నానేవాటికి కాదు. షాపులో రెండింటినీ ‘జీఐ’ అనే అమ్ముతారు, అడిగితే విసుక్కుంటారు.

చిన్న గీత పడినా పర్లేదు, ఇనుము కంటే ముందు చుట్టూ ఉన్న జింక్ అరుగుతుంది. తెల్లపొడి దాని గుర్తే. పైపు చివర మరలు కోస్తే మాత్రం ఆ కోసే పనిముట్టు (డై) పూతను గీకేస్తుంది, ఎర్రతుప్పు మొదట కనపడేది అక్కడే. వెల్డింగ్ చేస్తే జింక్ ఆవిరవుతుంది, ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం. అతుకు మీద జింక్ పెయింటు తప్పదు.

రాగి పైపును నేరుగా జీఐకి బిగించకండి. తడిలో రెండు లోహాలు, అదే గాల్వానీ డాబా. మధ్యలో ప్లాస్టిక్ ముక్క వేయించండి, నీళ్లు ముందు జీఐలోంచి, తర్వాతే రాగిలోకి వెళ్లేలా చూడండి. తిరగేస్తే రాగి నీళ్లలో కరిగి వచ్చి జీఐ లోపల గుంటలు పెడుతుంది.