హారర్ సినిమాలు కాలాన్ని బట్టి ఎందుకు మారిపోతుంటాయి?

తెర మీద దెయ్యం భయపెట్టాలంటే, జనం మనసులో అప్పటికే ఏదో ఒక టెన్షన్ ఉండాలి. ఆ టెన్షన్ మారితే దెయ్యమూ మారుతుంది.

దీనికి జపాన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. అణుధూళి ఒక జపాన్ చేపల పడవ మీద పడి అందులోని 23 మందీ జబ్బుపడ్డారు, కొన్ని నెలలకు ఒకరు చనిపోయారు. అదే ఏడాది నవంబరులో, హైడ్రోజన్ బాంబు పరీక్షలతో లేచివచ్చిన భారీ జంతువు కథ ‘గాడ్జిల్లా’ వచ్చింది. సినిమా మొదలవగానే సముద్రంలో కళ్లు చెదిరే వెలుగు, మంటల్లో ఓడ. హిరోషిమాకు తొమ్మిదేళ్లే అయింది, అదేమిటో ప్రేక్షకులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అమెరికాలో 1968లో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొద్ది నెలలకే ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ విడుదలైంది. రాత్రంతా లేచివచ్చిన శవాలతో పోరాడి బతికిన నల్లజాతి హీరోని, తెల్లారాక కాపాడటానికి వచ్చినవాళ్లే శవమనుకుని కాల్చేస్తారు. ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత వీడియో క్యాసెట్లు, వీడియో కాల్స్ కూడా భయానికి చోటయ్యాయి.

అయితే ప్రతి సినిమాలోనూ సమాజాన్ని వెతకకూడదు. చాలావరకు అంతకుముందు హిట్టయినదానికి నకళ్లే. సెన్సార్ సడలింపులు, బడ్జెట్ కూడా భయం రూపాన్ని గట్టిగానే మారుస్తాయి.