ఓడ దిగి శాంటోరినిలో అరపూట

ప్రశ్న: ఓడవాళ్ల గైడెడ్ టూర్‌లో గ్రీస్ దీవి శాంటోరిని చూస్తాం. కొండ మీదున్న ఫిరా ఊరి నుంచి రేవుకి మీరే రావాలంటున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇబ్బందా?

జవాబు: జాగ్రత్తంతా అక్కడే కావాలండీ. పెద్ద ఓడలు సముద్రంలోనే ఆగుతాయి. టూర్‌వాళ్లని సాధారణంగా చిన్న పడవల్లో అథినియోస్ రేవుకి చేర్చి, బస్సులో ఓయా, ఫిరా ఊళ్లు చూపిస్తారు. తిరిగి పడవ ఎక్కేది మాత్రం ఫిరా కింద ఉన్న పాత రేవులో. దిగడానికి కేబుల్ కార్ ఉంది, మూడు నిమిషాల ప్రయాణం. కానీ సాయంత్రం అన్ని ఓడలవాళ్లూ ఒకేసారి వస్తారు కనుక క్యూ గంట దాటవచ్చు. అందుకే చివరి పడవకి రెండు గంటల ముందే క్యూలో ఉండండి. అమ్మగారికి నీళ్లు, టోపీ తప్పనిసరి.

ఫిరా నుంచి పాత రేవుకి నడిచి దిగాలంటే మెట్లు దాదాపు 600. రాళ్లు నున్నబడి, గాడిదల పేడతో జారతాయి. అమ్మగారిని అటు పంపొద్దు. గాడిద ఎక్కించడమూ వద్దు, ఆ మూగజీవాలకి అది నరకం.

టూర్ టికెట్‌లో కేబుల్ కార్ చార్జీ కలిసిందో లేదో ముందే అడగండి. వాచీ ఓడ సమయానికే పెట్టుకోండి; ఫోన్ చూపే స్థానిక సమయం ఒక్కోసారి వేరుగా ఉంటుంది. ఓయాలోనూ మెట్లెక్కువే, బుకింగ్‌లోనే మోకాళ్ల సంగతి చెప్పండి.