19వ శతాబ్దపు అమెరికన్ చిత్రకారులు ఆరుబయట పెన్సిల్‌తోనే ఎక్కువగా ఎందుకు గీసేవారు?

మొదటి కారణం మోయాల్సిన బరువు. పెన్సిల్, చిన్న స్కెచ్‌బుక్ ఉంటే ఎంత కొండైనా ఎక్కవచ్చు. మూత పెట్టుకునే రంగుల ట్యూబ్‌కు పేటెంట్ వచ్చిందే 1841లో. అంతకుముందు నూనె రంగుల్ని పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి తీసుకెళ్లాలి.

కానీ నాకు అసలు కారణం ఆ కాలపు ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు థామస్ కోల్ పద్ధతిలో కనిపిస్తుంది. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండలకు వెళ్లిన ఆయన, అక్కడ పెన్సిల్‌తో గీసుకొచ్చి స్టూడియోలో పెయింటింగ్ వేశారు. తన స్కెచ్‌ల మీదే రంగు, వెలుగుల గురించి నోట్స్ రాసుకునేవారు. అనవసరమైన వివరాలు మనసులో మసకబారేదాకా ఆగి పెయింటింగ్ మొదలుపెడతానని 1838లో మిత్రుడు, తోటి చిత్రకారుడు ఆషర్ డ్యూరాండ్‌కు ఉత్తరం రాశారు. ఎంత గొప్ప ఓపిక! డ్యూరాండ్ కూడా 1855లో కొత్తవాళ్లకు చెప్పింది ఇదే: ముందు పెన్సిల్‌తో ఆకారం పట్టుకోండి, ఒక జాతి చెట్టుకూ మరో జాతి చెట్టుకూ తేడా తెలియాలి, రంగు తర్వాత.